మా పేట ముచ్చటలు: నీరు తీయు దినములు

మా అక్కగారి కుమార్తె కెనడా దేశములో నొక చిన్న పట్టణమున కాపురమున్నది. మాఘమాసపు చివర నొకనాడు ఫోనులో మాటలాడుచు, "పిన్నీ, మా వాకిట మంచు ఇంకను మోకాలిలోతున నున్నది. అయినను మేపులు చెట్లకు బొక్కెనలు తగిలించుచున్నారు. ఇక చలి పోయినట్లే" అని చిన్నపిల్లవలె సంతోషించినది. రాత్రి నీరు గడ్డకట్టు చలియు, పగలు ఆ గడ్డ కరగు వెచ్చదనమును కలిసివచ్చు కొన్ని వారములలోనే ఆ చెట్ల రసము స్రవించునట. చెట్టునకు చిన్న తూటు చేసి, గొట్టము దిగగొట్టి, బొట్టుబొట్టుగా పట్టుదురట. నలుబది పాళ్ల రసము కాచినగాని ఒక పాలు పానకము దిగదట. ఆ మాట వినుచుండగా మాకు తాటిచెట్టునకు కట్టిన ముంతయు, తాటిబెల్లము కాచు పొయ్యియు కన్నులకు కట్టినవి.

తుదకు, "మన సూళ్లూరుపేటలో చలి పోవుట యెట్లు తెలియును పిన్నీ? ఎంత తలచుకొన్నను జ్ఞప్తికి వచ్చుటలేదు" అని అడిగినది. శివరాత్రికి చలి శివశివా యని పోవునని నలుగురును చెప్పు మాటయే మేమును చెప్పితిమి. ఫోను పెట్టిన పిమ్మట ఆ జవాబు మాకే చప్పగా దోచినది. పుట్టి పెరిగిన చోట ఋతువు మారుటను ఒక సామెతతో సరిపెట్టవచ్చునా? ఆనాటినుండి కొన్ని వారములు కన్నులు తెరచుకొని తిరిగితిమి. చూచినది ఈ నెల వ్రాయుచున్నాము.

దూరపు జిల్లాల సోదరీమణులకు మా ప్రాంతపు ఋతుధర్మము కొంచెము చెప్పక తప్పదు. తెలుగునాట తక్కినచోట్ల ఆషాఢ శ్రావణములలో కురియు వాన నెల్లూరు తీరమున ఆశ్వయుజ కార్తికములకుగాని నిండుగా రాదు. ఏటి వానలో సగమునకు మించి అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు గాలి తెచ్చునదియే. కావున మాకు చలికాలమనగా వానకాలపు తోక. కంబళ్లు కప్పుకొనునంతటి చలి మే మెన్నడును ఎరుగము. గొడుగు ఆరబెట్టి అటుకమీద పెట్టిననాడే చలికాలము సగము గడచినట్లు. సంక్రాంతి దాటునప్పటికి కాళంగి యేరు ఒడ్డులను విడిచి నడుమకు జరుగును. పేటకు తూర్పున నున్న పులికాటు సరస్సు మాత్రము అప్పటికింకను నిండుకుండవలె నుండును.

ఉప్పు కలిసిన నీటి సరస్సులలో మన దేశమున చిలికా తరువాత ఇదియే పెద్దది. దీనికి ప్రళయకావేరి యని నాటు పేరు. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవారికి ఈ పేరు క్రొత్త కాదు. 2022లో మా పేటను నెల్లూరు జిల్లానుండి తీసి తిరుపతి జిల్లాలో చేర్చిరి. సరస్సు మాత్రము ఎక్కడికిని కదలక తన చోటనే యున్నది. పొడవు అరువది కిలోమీటర్లయినను లోతు సగటున మీటరు మాత్రమే. అంత వెడల్పును, ఇంత కొద్ది లోతును గల నీటిని త్రాగివేయుటకు రెండుమూడు నెలల యెండ చాలును. మా చలికాలపు కథ యంతయు ఈ నడుములోతు నీటిలోనే యున్నదని మేము కొంచెము ఆలస్యముగా తెలిసికొంటిమి.

ముందు మా వీథి మాట చెప్పెదము. తెల్లవారుజామున కళ్లాపి చల్లి ముగ్గు వేయుటకు వాకిట నిలుచునప్పటికి కర్మాగారముల బస్సులు వచ్చి వీథిమొగన నాగును. తడకు ఆవల శ్రీసిటీలో పనిచేయు ఆడపిల్లలు పదిమందీ ఇరువదిమందీ గుంపుగా నిలిచియుందురు. మెడలో గుర్తింపుపలక, చేతిలో అన్నపు క్యారియరు. పుష్యమాసమున వారందరును చెవులమీదుగా రుమాలు కట్టుకొని, చేతులు చంకలలో ముడుచుకొని, ఒకరినొకరు ఆనుకొని నిలిచిరి. మాఘము నడిమికి ఆ రుమాళ్లు మెడలకు దిగినవి. ఇప్పుడు రుమాళ్లే లేవు. తలలో పూలు కనబడుచున్నవి. చలి యెంత దిగినదో చూచుటకు పంచాంగముకంటె ఈ రుమాళ్లే నమ్మదగినవని మాకు తోచినది.

పెరటి వేప ఆకు రాల్చుచున్నది. ఉదయము ఊడ్చిన వాకిలి మధ్యాహ్నమునకు మరల పచ్చబారును. మామిడిపూతకు ఈ యేడు తేనెమంచు పురుగు పట్టి ఆకులన్నియు జిగటబారినవి. రాలినది రాలగా నిలిచిన గుత్తులలో మిరియపుగింజలంతటి పిందెలు కనబడుచున్నవి. చెరువుల క్రింది పొలములలో వరికోత సాగుచున్నది. వెనుక కొడవలి పట్టిన ఆడువారు వరుసగా వంగి కోయుచుండగా వారి వెనుక కొంగలు నడచెడివి. ఇప్పుడు కోతయంత్రము వెనుక నడచుచున్నవి. వానికి లెక్క యొక్కటే: నేల కదలినచోట పురుగుండును. చెంగాళమ్మవారి గుడికి రాత్రింబవళ్లు తలుపు మూయు వాడుక లేదు. కార్తికమున నీటిగాలికి కొండెక్కుచుండిన గుడి దీపము ఇప్పుడు నిశ్చలముగా వెలుగుచున్నది. ఆ గాలి తిరుగుటయు మాకొక గుర్తు. ఈశాన్యము పోయి దక్షిణము వచ్చినది.

మా వీథికి చేపలు తెచ్చు ముసలమ్మ యొకతె గలదు. సరస్సు ఒడ్డున నున్న యొక పాళెమునుండి తెల్లవారి బయలుదేరి, ఎనిమిది గంటల వేళకు మా యరుగుమీద గంప దింపును. పదునాలుగేండ్ల వాడుక. మా ఇంటివారు బడిలో ఉపాధ్యాయులగుటచేత ఆమె మమ్ములను అయివారమ్మా యని పిలుచును. కార్తికమున ఆమె గంపలో చూపుడువ్రేలంత రొయ్యలుండును. పీతలు గంప అంచున ప్రాకుచుండును. మాఘము వెళ్లువేళకు ఆ రొయ్యలు చిటికెనవ్రేలిలో సగమైనవి. మేము ఒకనాడు, "ఏమమ్మా, రొయ్యలు నానాటికి వడ్లగింజలగుచున్నవే, వెల మాత్రము తగ్గదేమి?" అంటిమి.

"నీళ్లు తీసేస్తా వుండాయి అయివారమ్మా. ఏం చేసేది?" అన్నది.

వర్తకులందరును చెప్పు మాటగా దానిని తలచి పది రూపాయలు తగ్గించి చేతిలో పెట్టితిమి. ఆమె లెక్క చూచుకొనక కొంగున ముడివేసికొని పోయినది. ఈ సంగతి వ్రాయుటకు మాకు సిగ్గుగానే యున్నది. అయినను తరువాతి కథకు ఇది కావలసియున్నది.

చలికాలపు చివరిదినములలో మా పేటకు గల మరియొక వింత ఆకాశమునకు సంబంధించినది. శ్రీహరికోటనుండి తొలి చిన్న రాకెట్టు 1971 అక్టోబరు 9న ఎగిరినది. నూరవ ప్రయోగము 2025 జనవరి 29న జరిగినది. అది పుష్య బహుళ అమావాస్య. ఉదయము 6 గంటల 23 నిమిషములకు మేము ముగ్గుపిండి చేతబట్టి తూర్పునకు తిరిగి నిలిచియుంటిమి. సూర్యుడింకను పొడమలేదు. ఒక్కసారిగా ఇండ్ల కప్పులు ఎఱ్ఱబారి, నిప్పుముద్ద యొకటి చప్పుడు లేక పైకి లేచినది. దాని ధ్వని దాదాపు నిమిషము గడచినపిమ్మటగాని మా వీథికి రాలేదు. అప్పుడు కిటికీ అద్దములు అదరినవి, కాకులన్నియు లేచినవి, వేప ఆకు జలజల రాలినది. మెరుపు ముందు, ఉరుము వెనుక అను పాఠమును మా యింటివారు బడిలో చెప్పుటకు ఇంతకంటె మంచి నిదర్శన మెక్కడ దొరకును! ధూమరేఖ గాలికి వంకరలు తిరుగుచుండగానే బస్సు హారను మ్రోగినది. ఆడపిల్లలు పరుగెత్తి ఎక్కిరి.

పదవతరగతి పిల్లలకు ఉదయమున ప్రత్యేకపాఠములు చెప్పుచున్నందున మా ఇంటివారికి ఆదివారము తప్ప తీరిక లేదు. ఫాల్గుణమున మొదటి ఆదివారము పిల్లలతోగూడ ఆటో కట్టించుకొని శ్రీహరికోట రోడ్డున అటకానితిప్ప దాటువరకు పోతిమి. రోడ్డు సరస్సు నడిమినుండియే పోవును. రెండువైపులను నీరు, నీటిమీద గులాబిరంగు మేఘము వ్రాలినట్లు రాజహంసలు. వీనిని సముద్రపు రామచిలుకలనియు కొందరందురు. పట్టణములనుండి వచ్చినవారు కార్లాపి, బిడ్డలను భుజములకెత్తి చూపించుచుండిరి.

కావ్యములలో హంసలు వానకాలము రాగానే మానససరోవరమునకు తరలిపోవును. మా రాజహంసల తీరు దానికి తలక్రిందులు. వానలతో వచ్చును, ఎండలతో పోవును. తినునపుడును తలక్రిందులే. పొడుగుపాటి మెడ వంచి, ముక్కు మీదుమిక్కిలిగా త్రిప్పి, బురదనీటిని పీల్చి, జల్లెడపట్టినట్లు సన్ననిపురుగులను నాచును నిలుపుకొని నీటిని వెడలగొట్టును. హంస పాలను నీటిని వేరుచేయునని చిన్ననాడు తండ్రిగారు చెప్పగా కథయనుకొంటిమి. పాల సంగతి తెలియదు గాని, నీటినుండి ఆహారమును వేరుచేయు విద్య వీనికి నిజముగానే గలదు. ఆ ఆహారమునందలి రంగే ఱెక్కలకు పట్టి గులాబివన్నె కలుగుచున్నది. పిల్లలు బూడిదవన్నెతో నుండును. కొన్ని యేండ్లు తిని పెరిగినగాని రంగు రాదు. మన దేశమున నివి వేలకొలదిగా గ్రుడ్లు పెట్టు చోటు గుజరాతులోని కచ్ఛపు ఉప్పునేలలు. ఇక్కడికి కేవలము భోజనమునకు వచ్చును.

గ్రుడ్లు పెట్టుటకు వచ్చునవి వేరు. దొరవారిసత్రము మండలములోని నేలపట్టు చెరువున, నీటిలో నిలిచిన కడపచెట్లమీద గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్ల కంకణాయిలు గూళ్లు కట్టును. 1976లో దానిని పక్షులకు రక్షితస్థలముగా చేసిరి. అంతకు పూర్వమునుండియు ఆ యూరివారు వానిని కన్నబిడ్డలవలె చూచుకొనుచున్నారు. రెట్ట కలిసిన చెరువునీరు పారిన చేనికి ఎరువక్కరలేదని వారి నమ్మకము. ఈ దినములలో అక్కడ పిల్లగూడబాతులు కొమ్మనుండి కొమ్మకు ఎగురుట నేర్చుకొనుచుండును. ఈ యేడు మాకచ్చటికి పోవ వీలుచిక్కలేదు.

రోడ్డుమీద నిలిచి పక్షులను చూచుచుండగా మా చిన్నవాడు, "అమ్మా, అదిగో మన చేపలవ్వ" అని కేకవేసినాడు. చూడగా నిజమే. నీటికిని రోడ్డుకును నడుమ బురద చాలదూరము బయలుపడియున్నది. ఆ బురదలో పిక్కలవరకు దిగుచు, అడుగుతీసి అడుగువేయుచు, నెత్తిన గంపతో ముసలమ్మ వచ్చుచున్నది. వెనుక పదిహేనేండ్ల మనుమరాలు వల మోయుచున్నది. పడవ యెక్కడనో బురదలో కూరుకొని ప్రక్కకు ఒరిగియున్నది. ఆమె రోడ్డెక్కి మమ్ములను చూచి నవ్వినది. గంపలో చూచితిమి. అడుగు కనబడుచున్నది.

మా చిన్నవాడు, "అవ్వా, ఇన్ని పక్షులు ఇప్పుడే వచ్చినవేమి?" అన్నాడు.

"యాడినుంచో రాలేదు నాయనా. నీళ్లు నిండుగా వుండేటప్పుడు చెదురుగా వుంటాయి. తీసేకొద్దీ వొక చోటికి చేరతాయి. వాటికి మోకాలిలోతు కావాల, మాకు నడుములోతు కావాల. యీ నెల వాటిది."

కార్లవద్ద నిలిచినవారు కేరింతలు కొట్టుచుండిరి. మేమును అంతకు గడియ ముందు కొట్టినవారమే.

తిరిగివచ్చుచు మా యింటివారు సంగతి వివరించిరి. ఈ సరస్సునకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి యేరులు మంచినీటిని తెచ్చును. సముద్రము ముఖద్వారములగుండ ఉప్పునీటిని తెచ్చును. రొయ్యపిల్ల పుట్టునది సముద్రమున. ఆటుపోటులతో ముఖద్వారమున లోనికి వచ్చి, సరస్సులో తిని పెరిగి, మరల సముద్రమునకు పోవును. దక్షిణమున తమిళనాటి పళవేర్కాడునొద్ద ఒక ద్వారము గలదు. ఉత్తరమున రాయదొరువు, కొండూరుపాళెముల యొద్దివి యిసుకమేటలతో పూడిపోవుచున్నవి. వాకిలి మూసిన యింటికి చుట్టము లెట్లు వత్తురు? వానలు నిలిచి, ఏరులు సన్నగిలి, సముద్రపు పోటు అందక, నిలిచిన నీరు ఎండకు ఇగిరి, తుదకు సముద్రముకంటెను ఉప్పగా మారును. మేము పోయిన రోడ్డుకట్టయు సరస్సును రెండుగా కోసినదే. తూములగుండ పారు నీరెంత? ఉత్తరపు భాగము నడివేసవికి బీటలువారిన నేలయగును. పడవ నడచినచోట ద్విచక్రవాహనములు నడచును. ఆ రోడ్డు లేనిచో మేము పక్షులను చూచుటయు లేదు, నూరవ రాకెట్టు లేచుటయు లేదు. ఇందులో ఎవరి తప్పెంతయని తూచుటకు మాకు తాహతు లేదు. ముఖద్వారముల పూడిక తీయుదురను మాట మాత్రము చాల యేండ్లుగా వినుచున్నాము.

మరునాడు ముసలమ్మ వచ్చినప్పుడు బేరమాడలేదు. ఆమెకు మా మార్పు అర్థమైనదో లేదో, "ఇంక నాలుగు దినాలే వస్తానమ్మా" అన్నది. కొడుకును కోడలును చెన్నపట్టణమున కాశిమేడు రేవునకు పనికి పోవుచున్నారట. అక్కడ చేపలు వేరుచేయు పని దొరకును. వానలు పడి సరస్సు నిండువరకు అచ్చటనే. తానును వారితో పోవలెను.

"మరి పిల్ల?" అంటిమి.

మనుమరాలు మా యింటివారి బడిలోనే పదవతరగతి చదువుచున్నది. పరీక్షలు మార్చిలో. ముసలమ్మ కొంగుతో మొగము తుడుచుకొని, "బస్సులో పొయ్యే ఆడబిడ్డల మాదిరి దానికి గూడా వొక పలక మెళ్లో పడతాదేమోనని వుండాది. పరీక్ష రాయకుంటే యెవురు పిలుస్తారు? ఒంటిగా యాడ వుంచేది?" అన్నది.

ఇంటిలోపలనుండి మా ఇంటివారు దగ్గిరి. ఆ దగ్గునకు అర్థము మాకు తెలియును. మా యిల్లు రెండు గదులది. మా పిల్లలిద్దరు, అత్తగారు, పుస్తకముల బీరువా. అత్తగారి మంచము ప్రక్కన చాపకు చోటున్నదా లేదా యని ఆలోచించుచుండగా, అత్తగారే, "నాకు రాత్రి మంచినీళ్లిచ్చుటకొకరు కావలెను" అని గట్టిగా అనిరి. అంతటితో ఆ సంగతి తేలిపోయినది.

నాలుగవనాటి సాయంకాలము ముసలమ్మ పిల్లను, ఒక రేకుపెట్టెను, తాటాకుబుట్టెడు ఎండురొయ్యలను మా యరుగుమీద విడిచినది. రొయ్యలకు డబ్బివ్వబోయితిమి. "నీతో బేరం యెవురాడతారమ్మా!" అని నవ్వుచు చేయి తోసివేసినది. ఆ నవ్వులో పది రూపాయల సంగతి ఉన్నదో లేదో ఈనాటికిని మాకు తెలియదు. మరుదినము ఆ ఎండురొయ్యలను, రాలిన పిందెలలో కొంచెము పెద్దవి యేరి వేసి పులుసు పెట్టితిమి. పిల్ల రెండుమార్లు అన్నము అడిగి వడ్డించుకొన్నది.

మొన్న మా అక్కకూతురు మరల ఫోను చేసినది. వారి యేటిమీది మంచుగడ్డ పగిలినదట. రాత్రివేళ తుపాకి ప్రేలినట్లు చప్పుడైనదట. నాటి ప్రశ్న మరువక, "పిన్నీ, ఇంతకును చలి పోవుట యెట్లు తెలియునో చెప్పనే లేదు" అన్నది. మేము ఫోను ఆ పిల్ల చేతికిచ్చితిమి. పిల్ల మొదట సిగ్గుపడి, తరువాత పాఠము అప్పగించినట్లు చెప్పినది:

"అక్కా, మేం పడవ కట్టే గుంజ వుంటాది. దానికి నాచు చార వుంటాది. చార నీళ్లకు జానెడు పైకొస్తే చలి పోయినట్టు. మూరెడు పైకొస్తే పక్షులు పోయేదానికి తయారైనట్టు. గుంజ మొదులు కనబడితే మేం పోయినట్టు."

అటువైపు కొంతసేపు మాట లేదు. పిమ్మట మా అక్కకూతురు, "నీకు లెక్కల పరీక్ష యెన్నడమ్మా?" అని అడిగినది.